కొలిచిన గడి, పూరించిన గడి

పెట్రోలు ఇంజను పనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ క్షణంలో సిలిండరు పీల్చుకుంటున్న గాలికి ఎంత పెట్రోలు కలపాలి? కార్బొరేటరు కాలంలో దీని జవాబు ఇత్తడి జెట్ల రంధ్రాల్లోనూ, సూదుల వాలులోనూ, స్ప్రింగుల బిగువులోనూ దాగి ఉండేది. కంప్యూటరు అదుపులోకి వచ్చిన ఇంజన్లలో అదే జవాబు అంకెల పట్టికగా మారింది. దీనినే ఇంధన పట్టిక లేదా ఫ్యూయల్ టేబుల్ అంటారు. పట్టికకు అడ్డంగా ఇంజను వేగం, అంటే నిమిషానికి అది తిరిగే చుట్ల సంఖ్య, నిలువుగా ఇంజను మీద పడే భారం ఉంటాయి. ఈ రెండూ కలిసే ప్రతి గడిలో ఒక అంకె ఉంటుంది. పదహారు నిలువు వరుసలు, పదహారు అడ్డ వరుసలు ఉన్న పట్టికలో 256 గళ్లుంటాయి. తెర మీద చూస్తే ఆ 256 అంకెలకూ ఒకే హోదా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి వాటిలో కొన్ని ఎవరో ఒకరు ఇంజనును సరిగ్గా ఆ స్థితిలో నిలబెట్టి, పొగగొట్టంలో వచ్చే వాయువును పరీక్షించి, దిద్ది రాసినవి. మిగిలినవి ఈ పక్క గడినీ ఆ పక్క గడినీ చూసి ఉజ్జాయింపుగా పూరించినవి. పాత కార్ల ఇంజన్లను సరిచేసే విద్యలోని మెలకువలో ముప్పాతిక వంతు ఈ రెండు రకాల అంకెలను వేరుచేసి చూడగలగడమే.

ఈ మాటను పరీక్షకు పెట్టడానికి హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య దారి కన్నా తగిన చోటు అరుదు. మైత్రీవనం కూడలిలో కదలకుండా నిలిచిన వాహనాల మధ్య, మెట్రో వంతెన స్తంభాల నీడలో, ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక పాత శాంట్రో, ఒక జెన్, ఒక ఎస్టీమ్ కనిపిస్తూనే ఉంటాయి. 1998లో మార్కెట్లోకి వచ్చిన హ్యుందాయ్ శాంట్రో మొదటి నుంచీ ఇంజెక్షన్ ఇంజనుతోనే పుట్టింది. మారుతి కార్లు ఆ దశాబ్దం చివర ఒక్కొక్కటిగా కార్బొరేటరును వదిలి ఎంపీఎఫ్ఐ పద్ధతికి, అంటే ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు పెట్టి ఇంధనం చిమ్మే పద్ధతికి మారాయి. ఈ మార్పు వెనుక చట్టం ఉంది. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది, అదే సంవత్సరం ఏప్రిల్‌లో కొత్త ఉద్గార ప్రమాణాలు వచ్చాయి, 2005లో భారత్ స్టేజ్ 3, 2010లో భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో ముందుగా అమలయ్యాయి. ఇంజెక్షన్ తొడుక్కుని పదేళ్లపాటు నెగ్గుకొచ్చిన మారుతి 800 సైతం 2010 ఏప్రిల్‌లో ఈ నగరపు షోరూముల నుంచి తప్పుకోవలసి వచ్చింది. 2000కి కాస్త ముందు నుంచి 2010 దాకా అమ్ముడైన ఈ కార్లే ఇక్కడి చర్చకు వస్తువు. వీటి కంప్యూటర్లు పట్టిక చూసి పనిచేసేటంత తెలివైనవే గాని, తమ పట్టిక తప్పని గ్రహించి అన్ని చోట్లా దానిని దిద్దుకునేటంత తెలివైనవి కావు.

పట్టికలో ఉండే అంకె ఏమిటో ముందు తెలియాలి. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక గ్రాము ఇంధనానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. కాబట్టి సిలిండరులోకి ఎంత గాలి వెళ్లిందో తెలిస్తే ఇంధనం లెక్క తేలికే, గాలిని తూచడమే కష్టం. ఆనాటి చిన్న కార్లలో చాలావాటికి గాలిని నేరుగా తూచే సాధనం లేదు. త్రాటిల్ దాటిన తరువాత వచ్చే గాలి గొట్టంలో, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డులో, పీడనం ఎంతో చెప్పే సెన్సరు ఒకటి, ఆ గాలి ఉష్ణోగ్రత చెప్పేది ఇంకొకటి ఉంటాయి. పీడనం, ఉష్ణోగ్రత తెలిస్తే సాంద్రత తెలుస్తుంది. సాంద్రతను సిలిండరు ఘనపరిమాణంతో హెచ్చిస్తే అందులో పట్టవలసిన గాలి బరువు వస్తుంది. అయితే పట్టవలసినదంతా పట్టదు. కవాటం తెరుచుకుని ఉండే కాలం కొద్దిపాటిది, గొట్టం వంపులు గాలిని అడ్డుకుంటాయి, వెనుకటి చక్రంలో మిగిలిన పొగ కొంత చోటు ఆక్రమిస్తుంది. పట్టవలసిన దానిలో నిజంగా పట్టిన భాగమెంతో శాతంలో చెప్పేదే ఘనపరిమాణ దక్షత, దీనినే వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. పీడనం ఆధారంగా లెక్కించే కంప్యూటర్ల ఇంధన పట్టికలో ఒక్కో తయారీదారు ఒక్కో రూపంలో దాచుకున్నది సారాంశంలో ఈ శాతాలనే.

ఒక లెక్క వేసి చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది. శాంట్రో తొలి ఇంజను 999 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కోదానికి దాదాపు 250 సీసీ. మానిఫోల్డు గాలి 40 డిగ్రీల వేడిలో ఉండి, కారు కూడలిలో నిలబడి ఉన్నప్పుడు పీడనం 35 కిలోపాస్కల్స్, దక్షత 55 శాతం అనుకుంటే, ఒక్కో సిలిండరులోకి చేరే గాలి 0.054 గ్రాములు, దానికి కావలసిన పెట్రోలు నాలుగు మిల్లీగ్రాముల లోపు. అదే ఇంజనుకు త్రాటిల్ పూర్తిగా తెరిస్తే పీడనం 93 కిలోపాస్కల్స్‌కు, దక్షత 85 శాతానికి పెరిగాయనుకుంటే గాలి 0.22 గ్రాములు అవుతుంది, కాస్త చిక్కటి మిశ్రమం కోసం 12.6 నిష్పత్తిని లక్ష్యంగా పెట్టుకుంటే పెట్రోలు పదిహేడున్నర మిల్లీగ్రాములు. మిల్లీసెకనుకు రెండు మిల్లీగ్రాములు చిమ్మే ఇంజెక్టరు మొదటి సందర్భంలో రెండు మిల్లీసెకన్ల కన్నా తక్కువ కాలం, రెండవ సందర్భంలో దాదాపు తొమ్మిది మిల్లీసెకన్లు తెరుచుకుని ఉండాలి. దీనికి ఇంజెక్టరు లేచి తెరుచుకోవడానికి వృథా అయ్యే కాలం కలపాలి, అది సుమారు ఒక మిల్లీసెకను ఉంటుంది. కూడలిలో నిలబడిన కారుకు ఈ వృథా కాలం అసలు కాలంలో సగం! ఏసీ, ఫ్యాను, హెడ్‌లైట్లు కలిసి బ్యాటరీ వోల్టేజిని పద్నాలుగు నుంచి పన్నెండుకు లాగితే ఇంజెక్టరు ఇంకా బద్ధకంగా లేస్తుంది, వృథా కాలం ఇంకా పెరుగుతుంది. వోల్టేజిని బట్టి ఈ వృథా కాలాన్ని సరిచేసే సవరణ పట్టిక సరిగా లేకపోతే ప్రధాన పట్టిక ఎంత చక్కగా ఉన్నా ఐడ్లింగు కుదరదు. సిగ్నల్ దగ్గర బండి వణుకుతోందనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇటువంటి చిన్న సవరణల్లోనే ఉంటుంది, పెద్ద పట్టికలో వెతికేవారికి అది దొరకదు.

ఈ పద్ధతి వంశవృక్షం పెద్దదే గాని ఇక్కడ నాలుగు పేర్లు చాలు. అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957లో ప్రకటించిన ఎలక్ట్రోజెక్టరు ఆనాటి ఎలక్ట్రానిక్స్ నాణ్యత చాలక నిలవలేదు. ఆ ఆలోచనే జర్మనీలో బాష్ సంస్థ చేతికి చేరి 1967లో డీ-జెట్రానిక్‌గా ఫోక్స్‌వాగన్ కార్లలో వచ్చింది, మానిఫోల్డు పీడనం మీద ఆధారపడటం దాని లక్షణం. 1976లో వోల్వో కార్లలో ఆక్సిజన్ సెన్సరు వచ్చింది, 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులోని మోట్రానిక్ ఇంధనాన్నీ స్పార్కు సమయాన్నీ ఒకే డిజిటల్ కంప్యూటరు కిందికి తెచ్చింది. మిశ్రమం అంకెల పట్టికగా స్థిరపడి, రాసినవాడి చేయి దాటి ఎక్కడికైనా ప్రయాణం చేయగలిగే వస్తువైంది అప్పటి నుంచే. ప్రయాణం చేయగలగడమే దాని బలం, దాని చిక్కు కూడా అదే.

శాంట్రో తయారైన కర్మాగారం చెన్నై శివార్లలో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, సముద్రమట్టానికి కొద్ది ఎత్తులో. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టం దగ్గర 101 కిలోపాస్కల్స్ ఉండే గాలి పీడనం ఇక్కడ 95కు దిగుతుంది. కాబట్టి పట్టికలో వంద అని రాసి ఉన్న అడ్డ వరుసను ఈ నగరంలో తిరిగే ఏ మామూలు ఇంజనూ జీవితకాలంలో తాకదు. పై గొట్టంలో కలిగే నష్టం కూడా పోగా పూర్తి త్రాటిల్ మీద కూడా ఇంజను తొంభై, వంద అడ్డ వరుసల మధ్యనే ఉంటుంది. కాలం కూడా ఎత్తు లాంటిదే: మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి, డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల గాలి కన్నా దాదాపు తొమ్మిది శాతం పలచన. ఈ తేడాను ఉష్ణోగ్రత సెన్సరు పట్టుకుంటుంది కాబట్టి మంచిదే, కాని కదలని ట్రాఫిక్‌లో ఆ సెన్సరు తన చుట్టూ ఉన్న లోహం వేడిని కూడా గాలి వేడిగా చెబుతుంది. బానెట్ కింద మగ్గిన సెన్సరు చెప్పిన అధిక ఉష్ణోగ్రతను నమ్మి కంప్యూటరు గాలి పలచబడిందనుకుంటుంది, పెట్రోలు తగ్గిస్తుంది, మిశ్రమం లేత పడుతుంది. దారి తెరుచుకున్న వెంటనే యాక్సిలరేటరు నొక్కితే బండి ఒక్క క్షణం లాగక తడబడేది ఇందుకే. మెకానిక్ షెడ్డులో పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎంత సేపు తిప్పి చూసినా ఈ లోపం బయటపడదు.

ఇక పట్టికలో అమీర్‌పేట ఎక్కడుంది? నిమిషానికి ఎనిమిది వందల చుట్ల దగ్గర, 35 కిలోపాస్కల్స్ పక్కన ఒక గడిలో; ఏసీ వేస్తే దాని పై గడిలో; మొదటి, రెండవ గేర్లలో పాకేటప్పుడు పదిహేను వందలు, రెండు వేల చుట్ల నడుమ నలభై, యాభై కిలోపాస్కల్స్ గళ్లలో; పంజాగుట్ట ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు కాసేపు డెబ్బై దాకా. ఇంతే. 256 గళ్లలో పట్టుమని ఇరవై గళ్లలో ఈ కార్ల నిత్యజీవితం గడిచిపోతుంది. ఇంజను సరిగ్గా ఏ గడి నడుమనా నిలవదు కాబట్టి కంప్యూటరు చుట్టూ ఉన్న నాలుగు గళ్లను తీసుకుని వాటి మధ్య విలువ కడుతుంది, గణితంలో దీనిని అంతర్వేశనం అంటారు. పదిహేను వందల చుట్ల నిలువు వరుసలో 48, 52, రెండు వేల నిలువు వరుసలో 54, 58 అని ఉంటే, సరిగ్గా మధ్యలో ఉన్న ఇంజనుకు 53 దక్కుతుంది. ఆ నాలుగింటిలో ఒకటి తప్పైతే ఫలితంలో పావు వంతు తప్పు కలుస్తుంది. మిగిలిన మూడూ దానిని కప్పిపుచ్చుతాయి. ఒక గడిలోని తప్పు తన చుట్టుపక్కల పలచగా పరుచుకుని ఎక్కడా గట్టిగా కనిపించకపోవడం ఈ ఏర్పాటు స్వభావం.

దీనికి తోడు దిద్దుబాటు చేసే కన్ను ఒకటి పొగగొట్టంలో ఉంటుంది. ఆ కాలపు కార్ల ఆక్సిజన్ సెన్సరు జిర్కోనియా పింగాణితో చేసినది; మిశ్రమం చిక్కగా ఉంటే దాదాపు 0.9 వోల్టు, లేతగా ఉంటే 0.1 వోల్టు ఇస్తుంది, రెండింటి నడుమ 0.45 దగ్గర ఒక్కసారిగా అటు నుంచి ఇటు దూకుతుంది. అంటే అది ఎక్కువో తక్కువో చెబుతుందే గాని ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చెప్పదు. కంప్యూటరు దాని మాట విని క్షణక్షణం పెట్రోలును కాస్త పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. ఈ సవరణ చాలాసేపు ఒకవైపే మొగ్గితే దానిని దీర్ఘకాల సవరణగా తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. ఉత్ప్రేరక పరికరం, అంటే విషవాయువులను హానిలేని వాయువులుగా మార్చే కేటలిటిక్ కన్వర్టరు, చక్కగా పనిచేయాలంటే మిశ్రమం 14.7 చుట్టూ ఇలా ఊగుతూ ఉండటం అవసరం. ఏర్పాటు ముచ్చటగానే ఉంది. కాని సెన్సరు మూడువందల డిగ్రీల వేడి పుంజుకుంటే గాని మాట్లాడదు. ఎస్ఆర్ నగర్‌లో చల్లటి ఇంజనుతో బయలుదేరి రెండు మెట్రో స్టేషన్ల దూరంలోని పంజాగుట్టకు వెళ్లే కారు ఆ దారిలో మొదటి భాగమంతా సెన్సరు సాయం లేకుండా, వట్టి పట్టిక మీద, వేడెక్కే దాకా అదనపు ఇంధనం ఇచ్చే మరో పట్టిక మీద నడుస్తుంది. త్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు కూడా కంప్యూటరు సెన్సరు మాట పక్కన పెట్టి పట్టికనే నమ్ముతుంది.

పైగా ఈ కన్ను మంచి చేస్తూనే రోగాన్ని దాచిపెడుతుంది. పెట్రోలు పంపు బలహీనపడి పీడనం తగ్గితే మిశ్రమం లేతబడుతుంది, దీర్ఘకాల సవరణ పది శాతం పెరిగి ఆ లోటు పూడ్చేస్తుంది, కారు యజమానికి ఏమీ తెలియదు. సెన్సరుకు ముందు పొగగొట్టానికి చిన్న చిల్లి పడితే బయటి గాలి లోపలికి చొరబడి లేత మిశ్రమమని తప్పుడు సాక్ష్యం చెబుతుంది, కంప్యూటరు అక్కరలేని పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెడితే బండి బాగుపడుతుందని నగరమంతటా చెల్లుబాటులో ఉన్న చిట్కాకు ఆధారం కూడా ఇదే: పాత కంప్యూటర్లలో నేర్చుకున్న సవరణలు కరెంటు పోగానే చెరిగిపోతాయి, ఇంజను మళ్లీ వట్టి పట్టిక మీద బయలుదేరుతుంది, కొద్ది రోజుల్లో మళ్లీ పాత సవరణలనే నేర్చుకుంటుంది. బాగుపడినది రోగమా, రోగి జ్ఞాపకమా అని ఎవరూ అడగరు.

ఇటీవల ఈ పట్టికల మీద పడిన పెద్ద పరీక్ష ఇథనాల్. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు శాతం కలపడంతో మొదలైన కార్యక్రమం 2022లో పది శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం కలిపిన ఈ20 పెట్రోలు అమ్మకానికి వచ్చింది, 2025 నాటికి దాదాపు ప్రతి బంకులోనూ అదే పోస్తున్నారు. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి గ్రాముకు తొమ్మిది గ్రాముల గాలి సరిపోతుంది. ఈ20కి మొత్తం మీద 13.5 గ్రాములు. వట్టి పెట్రోలు కోసం పాతికేళ్ల కిందట రాసిన పట్టిక ఇప్పుడు ప్రతి గడిలోనూ ఏడెనిమిది శాతం తక్కువ పోస్తోందన్నమాట. ఆక్సిజన్ సెన్సరు మాట చెల్లే గళ్లలో దీర్ఘకాల సవరణ ఆ లోటును నిశ్శబ్దంగా పూడ్చేస్తుంది, ఎందుకంటే అంతకు రెండు మూడు రెట్ల దాకా సవరించే అధికారం దానికుంది. పూర్తి త్రాటిల్ మీద మాత్రం, కంప్యూటరు ఆ సవరణను అక్కడికి మోసుకుపోయే రకం కాకపోతే, లోటు లోటుగానే మిగులుతుంది: 12.6 నిష్పత్తి కోసం రాసిన అంకె పెట్రోలుతో పదిహేడు శాతం అదనపు ఇంధనం ఇచ్చేది, ఈ20తో ఆ అదనం ఎనిమిది శాతానికి పడిపోతుంది. ఈ అదనపు ఇంధనం పని సిలిండరును చల్లబరచడం. దీనివల్ల పాత ఇంజన్లన్నీ కాలిపోతాయని చేసే ప్రచారంలో అతిశయోక్తి ఉంది. ఇథనాల్ ఆవిరవుతూ ఎక్కువ వేడిని లాక్కుంటుంది, ఆక్టేన్ సంఖ్యను పెంచి నాకింగ్‌ను, అంటే మిశ్రమం సమయం తప్పి పేలిపోవడాన్ని, కొంత ఆపుతుంది. పాత రబ్బరు గొట్టాలకూ సీళ్లకూ ఇథనాల్ చేసే హాని గురించిన భయం ఇంతకన్నా న్యాయమైనది. అయినా పట్టిక దిద్దవలసిన అవసరం ఎప్పుడైనా ఉందంటే అది ఇప్పుడే.

దిద్దడం ఎలా? తొలి తరం కంప్యూటర్లలో పట్టిక ఈప్రామ్ చిప్పులో ఉండేది. అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాయదగిన ఆ చిప్పుల్లో బాగా వాడుకలో ఉన్న 27సీ256 రకంలో 32,768 బైట్లు పడతాయి. ఆ బైట్ల గుంపులో ఇంధన పట్టిక ఎక్కడ మొదలవుతుందో ఏ కాగితం మీదా రాసి ఉండదు. ఒకేలా పెరుగుతూ తగ్గుతూ పోయే అంకెల వరుసను కనిపెట్టి, పదహారు పదహారుగా పేర్చి, కొండలా లేచిన ఆకారం కనిపిస్తే అది పట్టికేనని గుర్తించాలి. మైక్రోకంట్రోలర్లు, ఎంబెడెడ్ సిస్టమ్స్ నేర్పే సంస్థలు అమీర్‌పేటలో ఏళ్ల తరబడి ఉన్నాయి. ఆ తరగతుల్లో హెక్సాడెసిమల్ నేర్చుకున్న చేతికి ఈ పని చేతకానిది కాదు. మరో దారి అసలు కంప్యూటరును పక్కన పెట్టి కొత్తది పెట్టుకోవడం. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో 2001లో రూపొందించిన మెగాస్క్విర్ట్ అనే కిట్ ప్రపంచమంతటా వేలమంది ఔత్సాహికులకు ఈ విద్య నేర్పింది, ఎందుకంటే అందులో పట్టిక తెరిచిన పుస్తకం, ఖాళీ గళ్లను నింపవలసినవాడు మాత్రం యజమానే.

నింపడంలోనే అసలు కథ ఉంది. పొగగొట్టానికి వైడ్‌బ్యాండ్ సెన్సరు, అంటే ఎక్కువ తక్కువలతో పాటు ఎంత అన్నది కూడా చెప్పే సెన్సరు బిగించి, ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తూ, ఇంజనును ఒక గడిలో కొన్ని సెకన్లు కదలకుండా నిలపాలి. లక్ష్యం 14.7 అయి కొలత 15.4 వస్తే ఆ గడి అంకెను దాదాపు అయిదు శాతం పెంచాలి. మళ్లీ అదే గడికి వచ్చి సరిచూడాలి. కూడికా భాగహారమూ వచ్చిన ఎవరికైనా లెక్క తెలుస్తుంది, ఓపిక మాత్రం అందరికీ ఉండదు. అమీర్‌పేట రోడ్డు మీద అయిదు వేల చుట్లు, తొంభై కిలోపాస్కల్స్ గడి దొరకదు, దొరకబుచ్చుకోవాలని చూడటం నేరం కూడా. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలకడైన వేగాలకు సంబంధించిన గళ్లు కొన్ని దొరుకుతాయి. పెద్ద భారం, పెద్ద వేగం కలిసే మూల గళ్లు చక్రాలను డ్రమ్ముల మీద తిప్పి చూసే డైనమోమీటరు మీద తప్ప క్షేమంగా దొరకవు. కాబట్టి పని చేసేవారు చేతికి అందిన గళ్లను కొలిచి, అందని గళ్లను సాఫ్ట్‌వేరులోని నునుపు చేసే మీటతో నింపేస్తారు. తెర మీద త్రిమితీయ చిత్రం చక్కగా నిగనిగలాడుతుంది.

అక్కడే ప్రమాదం. గాలి గొట్టంలో పీడన తరంగాలు వెనక్కూ ముందుకూ కొట్టుకుంటాయి. కొన్ని వేగాల దగ్గర అవి కవాటం తెరుచుకునే సమయానికి సరిగ్గా చేరి అదనపు గాలిని నెడతాయి, కొన్ని వేగాల దగ్గర అడ్డుపడతాయి. అందుచేత నిజమైన దక్షతా తలంలో గుట్టలూ గుంటలూ సహజం. నునుపు చేసే మీట వాటిని లోపాలుగా భావించి చదును చేస్తుంది. కొలిచిన గుట్ట చెరిగిపోయి ఊహించిన చదును నిలిచిన చోట మిశ్రమం లేతబడితే, అది పూర్తి భారం మీద అయితే, ఎగ్జాస్ట్ కవాటం అంచులు మాడటంతో మొదలై పిస్టన్ దాకా పోవచ్చు. అందమైన పట్టిక మంచి పట్టిక కావలసిన పని లేదు. ఎగుడుదిగుడుగా ఉన్నా కొలిచినదే మేలు.

ఒక కారు నుంచి తీసిన పట్టికను అదే రకం మరో కారులోకి ఎక్కించే రెడీమేడ్ రీమ్యాపుల విషయం కూడా ఇటువంటిదే. అమీర్‌పేట జిరాక్స్ దుకాణాల్లో క్లాసు నోట్సు దొరికినట్టే ఇవీ దొరుకుతాయి, నోట్సు విలువ ఎంతో వీటి విలువ కూడా అంతే: విషయం తెలిసినవాడికి పనిని తగ్గిస్తాయి, తెలియనివాడికి తెలిసిందనే భ్రమ కలిగిస్తాయి. మరో ఊరి ఎత్తులో, మరో ఇంధనంతో, అరగని ఇంజెక్టర్లతో, బిగువైన పిస్టన్ రింగులతో కొలిచిన అంకెలు రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజనుకు మొదటి ఉజ్జాయింపుగా పనికొస్తాయి. తయారీదారు పట్టికతో పోల్చినా ఈ అరువు పట్టిక తక్కువదే కావడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే తయారీదారులు ఒక నమూనాను ఎడారి వేడిలో, కొండ ఎత్తులో, గడ్డకట్టే చలిలో నెలల తరబడి తిప్పి కొలిచిన తరువాతే అంకెలను ఖాయం చేస్తారు. వారి మూల గళ్లలో కావాలని వదిలిన అదనపు ఇంధనాన్ని వృథాగా భావించి తగ్గించేవారు ఆ కొలతల ఖర్చును ఊహించలేరు.

పొగ పరీక్ష ఈ విషయంలో ఏ భరోసా ఇవ్వదు. రోడ్డు పక్కన వ్యానులో కాలుష్య ధ్రువపత్రం ఇచ్చేవారు ఐడ్లింగులో పొగగొట్టంలో గొట్టం పెట్టి చూస్తారు. భారత్ స్టేజ్ 2, 3 కాలపు పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు 0.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షలకు 750 భాగాలు మించకపోతే ఉత్తీర్ణత. ఆ పరీక్ష చూసేది 256 గళ్లలో కింది మూలన ఉన్న ఒకటి రెండింటిని. ఆ మూల సరిగ్గా ఉండి మిగిలిన పట్టికంతా చెడిపోయినా ధ్రువపత్రం వస్తుంది. మిగిలినదంతా బాగుండి ఆ మూలన చిన్న తేడా ఉంటే రాకపోవచ్చు. అయినా ఆ పరీక్షను కొట్టిపారేయడానికి వీల్లేదు, పాత కారు పొగను ఎవరైనా కొలిచే సందర్భం ఏడాది మొత్తంలో చాలామందికి అదొక్కటే.

పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకుని నడిపేవారు పట్టిక మాట ఎత్తే ముందు చేయవలసిన చిల్లర పనులు చాలా ఉన్నాయి. గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు మార్పించాలి, ఇంధన పీడనం గేజి పెట్టి చూపించుకోవాలి, మానిఫోల్డు పీడన సెన్సరుకు వెళ్లే సన్నటి రబ్బరు గొట్టం పగిలిందేమో చూడాలి, ముసలి ఆక్సిజన్ సెన్సరును మార్చాలి, పొగగొట్టం చిల్లులు పూడ్పించాలి, స్కానరులో దీర్ఘకాల సవరణ ఎంతుందో అడిగి తెలుసుకోవాలి. అది ఈ20 తెచ్చే ఏడెనిమిది శాతానికి దగ్గర్లో ఉంటే పట్టికను ముట్టుకోకుండా వదిలేయడమే వివేకం. ఇంకా దిద్దించాలనుకునేవారు దిద్దేవారిని రెండు కాగితాలు అడిగి తీసుకోవాలి: చిప్పులోని అసలు పట్టిక చెరిగిపోకుండా తీసిన నకలు ఒకటి, కొత్త పట్టికలో నిజంగా కొలిచిన గళ్లకు రంగు వేసి, పూరించిన గళ్లను తెల్లగా వదిలిన ముద్రిత ప్రతి మరొకటి. రెండవ కాగితం ఇవ్వలేనివారికి బండి అప్పగించవద్దు.